సికింద్రాబాదులో రహదారి నేరం: అభియోగం బకాయిగా మారిన చరిత్ర

ప్రస్తావన

2022 మార్చిలో తెలంగాణ పోలీసులు పేరుకుపోయిన ట్రాఫిక్ చలానాలపై రాయితీ ప్రకటించారు. ద్విచక్రవాహనదారులు పావు వంతు, కార్ల యజమానులు సగం చెల్లిస్తే మిగిలినది మాఫీ. ఏప్రిల్ 15 వరకు ఆ గడువు కొనసాగింది. 2023 డిసెంబరు చివర మరోసారి ప్రకటించినప్పుడు ద్విచక్రవాహనాలకు మాఫీ 80 శాతానికి పెరిగింది. పరిపాలనా సౌలభ్యం కోణంలో ఇది అర్థమయ్యే చర్యే. అయితే చలానా అంటే ఒక అభియోగం. దానిని ఏ న్యాయస్థానమూ ఇంకా విచారించలేదు. రుజువు కాని నేరానికి రాయితీ ఇవ్వడమంటే దానిని ఆస్తిపన్ను బకాయితో సమానంగా చూడడమే. ఈ స్థితి ఎలా ఏర్పడిందో, ఆ క్రమంలో నిందితుని ప్రతివాదహక్కు ఏమైందో సికింద్రాబాదు నేపథ్యంలో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

రెండు పాలనల నడుమ రహదారి

1798 నాటి సైన్యసహకార ఒడంబడిక ఫలితంగా హుస్సేన్‌సాగర్‌కు ఉత్తరాన బ్రిటిష్ సేనలు స్థిరపడ్డాయి. 1806లో ఆ దండు ప్రాంతానికి మూడవ నిజాం సికందర్ జా పేరు వచ్చింది. చెరువు కట్టకు ఒకవైపు నిజాం శాసనం, మరొకవైపు రెసిడెంటు ఆధిపత్యంలో ప్రకటనల ద్వారా వర్తింపజేసిన బ్రిటిష్ ఇండియా చట్టాలు. 1860 నాటి భారత శిక్షాస్మృతిలోని 279వ సెక్షను బహిరంగ మార్గంలో నిర్లక్ష్యంగా వాహనం తోలడాన్ని నేరంగా పేర్కొంది. ఆరు నెలల వరకు కారాగారం, వెయ్యి రూపాయల వరకు జరిమానా దానికి శిక్షలు. మోటారు కారు పుట్టకముందే వచ్చిన నియమం కనుక గుర్రపుబండికీ అది వర్తించేది. మోటార్లకు సంబంధించి అఖిలభారత స్థాయి చట్టం 1914లో గాని రాలేదు. 1932లో నిజాం రైల్వే 27 బస్సులతో రోడ్డు రవాణా విభాగాన్ని ప్రారంభించింది. జంటనగరాల మధ్య తిరిగే డ్రైవరు ఒకే ప్రయాణంలో రెండు న్యాయపరిధులను దాటవలసివచ్చేది.

న్యాయపరిధి ఎంత బలమైన ప్రతివాదం కాగలదో 1897లో ప్రివీ కౌన్సిల్ ఇచ్చిన మహమ్మద్ యూసుఫుద్దీన్ తీర్పు చెబుతుంది. నిజాం రాజ్యంలోని రైల్వే స్థలంలో, రైల్వేతో సంబంధం లేని నేరంపై, సిమ్లా వారంటుతో బ్రిటిష్ పోలీసులు చేసిన అరెస్టు చెల్లదని ఆ తీర్పు. రైల్వే నిర్వహణ కోసం ఇచ్చిన అధికారం ఆ అవసరాన్ని దాటి విస్తరించదని దాని సారాంశం. ఇది రహదారి కేసు కాకపోయినా, అధికారి ఏ అధికారంతో ఆపాడన్నదే మొదటి ప్రశ్న అన్న సూత్రం నేటి ట్రాఫిక్ వివాదాలకూ మూలమే.

1945లో కంటోన్మెంటు వెలుపలి సికింద్రాబాదు నిజాం పాలనలోకి తిరిగి వచ్చింది. 1951 ఏప్రిల్ 1 నుంచి శిక్షాస్మృతి హైదరాబాదు రాష్ట్రమంతటికీ విస్తరించింది. కాలక్రమంలో జేమ్స్ స్ట్రీట్ మహాత్మాగాంధీ రోడ్డు అయింది, కింగ్స్‌వే రాష్ట్రపతి రోడ్డు అయింది. పేర్లు మారినంత సులువుగా శాసనస్వభావం మారలేదు.

పద్నాలుగు రోజుల నియమం

1939 మోటారు వాహనాల చట్టం ఇంగ్లండులోని 1930 రోడ్డు ట్రాఫిక్ చట్టం నుంచి ఒక ముఖ్యమైన రక్షణను స్వీకరించింది. 1988 చట్టంలో అది 209వ సెక్షనుగా కొనసాగుతున్నది. అతివేగం, ప్రమాదకర చోదనం అభియోగాలపై శిక్ష పడాలంటే, ప్రాసిక్యూషన్ ఉండవచ్చునని నేరసమయంలోనే నిందితుని హెచ్చరించి ఉండాలి. లేదా 14 రోజులలో నోటీసు పంపాలి, కాకుంటే 28 రోజులలో సమన్లు అందజేయాలి. నిందితుని చిరునామా తెలియనప్పుడు, లోపానికి అతడే కారణమైనప్పుడు మినహాయింపు ఉంది. దీని వెనుక ఉన్న తర్కం సరళం. ఫలానా మంగళవారం ప్యారడైజ్ కూడలిలో ఏం జరిగిందో రెండేళ్ల తరువాత ఎవరికి గుర్తుంటుంది? జ్ఞాపకం చెదరకముందే తెలిస్తేనే సాక్షిని వెతుక్కోవడం సాధ్యం. నెలల తరబడి పేరుకుపోయి, చివరకు వాహనం అమ్మబోయేటప్పుడు తెలిసే చలానా ఈ తర్కానికి పూర్తిగా విరుద్ధం.

మద్యం, ప్రమాణం, పరీక్ష

1939 చట్టంలోని 117వ సెక్షను మొదట వాహనంపై అదుపు కోల్పోయేంత మత్తును మాత్రమే నేరంగా చూసింది. అందువల్ల వాదమంతా నడక, మాట, కనుపాప చుట్టూ తిరిగేది. మద్యం వాసన ఒక్కటే మత్తుకు రుజువు కాదని 1971లో బచ్చూభాయి కేసులో సుప్రీంకోర్టు అభిప్రాయపడింది. 1988 చట్టపు 185వ సెక్షను తొలి రూపంలో రక్తంలో మద్యం ఏ కొద్దిగా ఉన్నా నేరమే. 1994 సవరణ దానిని 100 మిల్లీలీటర్ల రక్తానికి 30 మిల్లీగ్రాములుగా నిర్దిష్టం చేసి, బ్రీత్ అనలైజర్‌ను ప్రమాణంగా నిలిపింది. దానితో ప్రతివాదం మనిషి నుంచి యంత్రానికి మరలింది. యంత్రం సక్రమంగా పనిచేసిందా, పరీక్ష ఎవరు చేశారు, అరెస్టయిన రెండు గంటలలో 202వ సెక్షను కోరే వైద్యపరీక్ష జరిగిందా అన్నవి నేటి ప్రధాన ప్రశ్నలు. పరీక్షకు నిరాకరించడం రక్షణ కాదు. 205వ సెక్షను ఆ నిరాకరణను ప్రాసిక్యూషన్‌కు అనుకూలమైన పరిస్థితిగా పరిగణించనిస్తుంది.

ఈ నేరానికి పోలీసుల వద్ద రాజీ రుసుము లేదు, కోర్టుకు వెళ్లవలసిందే. 2019 తరువాత తొలి నేరానికి 10,000 రూపాయల జరిమానా, ఆరు నెలల వరకు కారాగారం ఉన్నాయి. పట్టుబడినవారిని బేగంపేట, గోషామహల్ ట్రాఫిక్ శిక్షణసంస్థలలో కుటుంబసభ్యులతో సహా కౌన్సెలింగుకు పిలిచే పద్ధతి నగరంలో స్థిరపడింది. విచారణకు ముందే దోషిని సంస్కరించే ఈ విధానం సదుద్దేశంతోనే పుట్టినా, నేరాంగీకారాన్ని సహజమైన తదుపరి మెట్టుగా మారుస్తుంది. నేరం ఒప్పుకున్నవారికి శిక్ష పరిమాణం, చట్టబద్ధత విషయంలో తప్ప అప్పీలు లేదని నేరవిచారణ స్మృతి 375వ సెక్షను నిర్దేశించింది. 2024లో అమలులోకి వచ్చిన నాగరిక సురక్షా సంహితలోనూ అదే స్థితి.

వాహనం స్వాధీనం విషయంలో మాత్రం ప్రతివాదం ఫలించింది. తాగి నడిపిన కారణంగా వాహనాన్ని నిర్బంధించే అధికారం పోలీసులకు లేదని, లైసెన్సు ఉండి మద్యం తాగని తోటిప్రయాణికునికి గాని, పిలిపించిన బంధువుకు గాని అప్పగించాలని 2021 నవంబరులో తెలంగాణ హైకోర్టు పలు రిట్ పిటిషన్లపై ఆదేశించింది. ఎవరూ రాకపోతే తాత్కాలికంగా స్టేషనులో భద్రపరచి, పత్రాలు చూపినప్పుడు విడుదల చేయాలి.

చెల్లింపు వెనుక శిక్ష

2019 సవరణ జరిమానాలను పెంచింది. ఆ పెంపును అమలు చేయబోమని రాష్ట్ర ప్రభుత్వం ప్రకటించింది. కాని 200వ సెక్షను కింద రాష్ట్రం నిర్ణయించగలిగేది రాజీ రుసుమును మాత్రమే, కోర్టు విధించే శిక్షను కాదు. శిరస్త్రాణం లేనందుకు 194డి సెక్షను కింద వెయ్యి రూపాయలు, మూడు నెలల లైసెన్సు అనర్హత ఉన్నాయి. అంటే వాదించదలచినవారు చెల్లించేవారికంటే ఎక్కువ ప్రమాదానికి సిద్ధపడాలి. పిఠాపురం వెళ్లే రైలు పట్టుకోవడానికి సికింద్రాబాదు స్టేషనుకు పరుగెడుతున్న చిరుద్యోగి ఈ లెక్క వేసుకుని చెల్లించడం వింతేమీ కాదు. అదే సవరణ 200వ సెక్షనుకు మరొక నిబంధనను జోడించింది. రాజీపడిన నేరం కూడా తదుపరి నేరాన్ని లెక్కించేటప్పుడు పూర్వనేరంగానే నిలుస్తుంది, లైసెన్సుపై చర్యలకూ అడ్డురాదు. రాయితీతో తీరిపోయిందనుకున్నది శాసనలెక్కలో మిగిలే ఉంటుందన్న సంగతి చెల్లింపు తెరపై ఎక్కడా కనిపించదు.

2021 ఆగస్టులో కేంద్ర మోటారు వాహనాల నియమాలలో చేరిన 167ఎ నియమం కెమెరా చలానాకు ఛాయాచిత్రం, స్థలం, సమయం, ఉల్లంఘించిన సెక్షను, ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి ధ్రువపత్రం తప్పనిసరి చేసింది. పరికరానికి ఆమోదపత్రం ఉండాలి, నోటీసును 15 రోజులలో పంపాలి, కేసు ముగిసేవరకు దృశ్యాలను భద్రపరచాలి. ట్యాంక్‌బండ్‌పై, రాణీగంజ్‌లో, తార్నాకలో నమోదయ్యే చలానాలను ఈ ప్రమాణాలతో పోల్చి చూడడం పరిశోధకులకు ఇంకా మిగిలివున్న పని.