చెప్పులు విడిచి ఇంట్లోకి రావడం

ఇంటికి వచ్చినవారు పాదరక్షలను గడప బయటే విడిచి లోపల అడుగుపెట్టడం తెలుగు ఇళ్ళలో దాదాపు అందరూ పాటించే ఆచారం. ఇంటివారూ అదే పని చేస్తారు. ఈ ఆచారానికి ప్రాణం ఆ సమానత్వంలోనే ఉంది. గడప దగ్గర అందరికీ ఒకే నియమం ఉన్నప్పుడు అది మర్యాద. ఒకరు జోళ్ళతో కూర్చుని ఎదుటివారి చేత మాత్రమే విప్పిస్తే అది పెత్తనం. తెలుగువారి మధ్య ఈ ఆచారం నడిచిన దారిలో రెండూ కనిపిస్తాయి.

డెలానీపూర్‌లో

తెలుగు నేలకు దూరంగా, అండమాన్ దీవుల రాజధాని పోర్ట్ బ్లెయిర్‌లో (2024 నుంచి శ్రీవిజయపురం) డెలానీపూర్ ఒక పేట. దీవులకు వలస వెళ్ళిన తెలుగువారిలో శ్రీకాకుళం, విశాఖపట్నం ప్రాంతాలవారు ఎక్కువ. విశాఖ రేవు నుంచి పోర్ట్ బ్లెయిర్‌కు సముద్రం మీద సుమారు 1,200 కిలోమీటర్లు. 2011 జనాభా లెక్కల ప్రకారం దీవుల్లో దాదాపు 13 శాతం మంది మాతృభాష తెలుగు.

వారు ఊరి నుంచి తెచ్చుకున్న అలవాటుకు ఇక్కడి వాన తోడైంది. నైరుతి, ఈశాన్య రుతుపవనాలు రెండూ తడిపే చోటు కావడంతో మే నుంచి డిసెంబరు దాకా వానలే. ఏడాదికి సుమారు 3,000 మిల్లీమీటర్లు కురుస్తుంది. ఆ బురద కాళ్ళతో ఇంట్లోకి రమ్మనేవారు ఏ భాషవారిలోనూ ఉండరు. తోలు జోళ్ళకు త్వరగా బూజు పడుతుంది కాబట్టి రోజువారీ వాడకమంతా రబ్బరు చెప్పులదే. బయట వదిలిన బూట్లను మళ్ళీ తొడుక్కునే ముందు బోర్లించి దులపడం దీవుల్లో పిల్లలకు చిన్నప్పుడే నేర్పుతారు. జానెడు పొడవుండే జెర్రులు చీకటిగా, చెమ్మగా ఉన్న చోటు వెతుక్కుని వాటిలో దూరతాయి.

తెలుగువారు, బెంగాలీలు, తమిళులు, మలయాళీలు, రాంచీ నుంచి వచ్చినవారు పక్కపక్కనే ఉండే ఊరు పోర్ట్ బ్లెయిర్. ఇరుగుపొరుగు మాట్లాడుకునేది హిందీలో. పండగలు, వంటలు వేరైనా, గడప దగ్గర చెప్పులు విడవాలన్న సంగతి ఎవరికీ ఎవరూ చెప్పనక్కరలేదు. 1858లో మొదలైన ఖైదీల వలస కాలం నుంచే ఈ దీవుల్లో కులం కట్టుబాట్లు సడలుతూ వచ్చాయి. అందుకే ఇక్కడ ఈ ఆచారం అంటు, మైల అన్న భావాలను చాలావరకు వదిలించుకుని శుభ్రతగా, మన్ననగా మిగిలిందని చెప్పవచ్చు.

పాత నియమాలు

చాలామంది తెలుగు బ్రాహ్మణులు అనుసరించే ఆపస్తంబ ధర్మసూత్రం, శిష్యుడు పాదరక్షలతో గాని తలకు చుట్టుకున్న గుడ్డతో గాని గురువు దగ్గరకు వెళ్ళకూడదంటుంది. ఆ సూత్రకారుల సంప్రదాయానికి ఆంధ్రదేశంతో సంబంధముందని దాన్ని ఇంగ్లీషులోకి తెచ్చిన బ్యూలర్ వాదించాడు. బౌద్ధ వినయపిటకంలో పాదరక్షలకు ఒక అధ్యాయమే ఉంది. సుకుమారంగా పెరిగిన సోణుడు అనే భిక్షువు వట్టి కాళ్ళతో నడిచి నడిచి పాదాలు చిట్లి నెత్తురోడగా, బుద్ధుడు ఒక పొర అట్ట ఉన్న చెప్పులకు అనుమతి ఇచ్చాడు. గురువులు వట్టి కాళ్ళతో నడుస్తుంటే శిష్యులు చెప్పులతో తిరగరాదని కూడా అక్కడే కట్టడి చేశాడు. అమరావతి శిల్పులు తొలినాళ్ళలో బుద్ధుణ్ణి రూపంతో కాక పాదాల గుర్తుతో చూపించారు. పాదాన్ని పూజించడం, పాదరక్షను బయట ఉంచడం ఆ రోజుల నుంచీ జంటగానే ఉన్నాయి.

భక్తి మాత్రం ఈ నియమాన్ని దాటిన సందర్భం శ్రీకాళహస్తిలో ఉంది. శివుడి రెండో కంటి నుంచి నెత్తురు కారుతుంటే, తన కన్ను పెకలించి అమర్చడానికి చోటు గుర్తుగా తిన్నడు అనే వేటగాడు ఆ కంటి మీద తన చెప్పుకాలు ఆనించాడు. దారి నడిచి అరిగిన ఆ వేటగాడి చెప్పును శివానందలహరి స్తోత్రం పవిత్రమైన దర్భకూర్చతో పోల్చింది. ధూర్జటి 16వ శతాబ్దంలో ఈ కథను తెలుగులో చెప్పాడు.

నేల మీద బతుకు

ఈ ఆచారం ఇంట్లో పాతుకుపోవడానికి శాస్త్రాల కంటే పెద్ద కారణం మన నేల. విస్తరి వేసేది, వడియాల పిండి కలిపేది, పసిపిల్ల పాకేది, రాత్రి చాప పరిచేది అంతా నేల మీదే. పేడతో అలికిన మట్టి నేల కాలం పోయి కడప, తాండూరు బండలు, ఆ తర్వాత మొజాయిక్, టైల్స్ వచ్చినా నేలతో అనుబంధం తెగలేదు. గడపకు పసుపు రాసి బొట్టు పెట్టే ఇంట్లో దాన్ని చెప్పుతో తొక్కడం ఎవరికీ మనసొప్పదు. వంటింటికీ దేవుడి గదికీ వచ్చేసరికి ఇంట్లో వాడుకునే మెత్తని చెప్పులు కూడా బయటే ఆగుతాయి.

అతిథికి కాళ్ళకు నీళ్ళివ్వడం దీని రెండో సగం. దేవుడికి చేసే పదహారు ఉపచారాల్లో ఆవాహన, ఆసనం తర్వాత వచ్చే పాద్యం అదే. పల్లెల్లో అరుగు పక్కన నీళ్ళ గోళెం, చెంబు ఉండేవి. వచ్చిన చుట్టం చెప్పులు విడిచి, మడమ వెనక్కూడా తడిసేలా నీళ్ళు పోసుకుని, తుండుతో తుడుచుకుని లోపలికి వచ్చేవాడు. బయట చెప్పు తొడుక్కోవడం, ఇంటి ముందు దాన్ని విడిచి కాళ్ళు కడుక్కోవడం కలిసినప్పుడే ఆరోగ్యానికి పూర్తి మేలు. కొంకిపురుగు పిల్లలు మలంతో పాడైన తేమ మట్టిలో నుంచి వట్టి పాదం చర్మం గుండానే ఒంట్లోకి చొరబడతాయి.

తెలుగు ఇంట్లో చెప్పులు విడవమని అతిథిని నోరు తెరిచి అడగడం అరుదు. గుమ్మం ముందున్న జతలు చూసి వచ్చినవారే వంగుతారు. "పర్వాలేదండీ, వేసుకునే రండి" అని ఇంటివారు అంటారు. అయినా వచ్చినవారు విప్పే వస్తారు. ఆ మాట అనడం ఒక మర్యాద, వినకపోవడం మరో మర్యాద.

పెత్తనం గుర్తుగా

చెప్పు కుట్టినవారికే చెప్పు తొడుక్కునే హక్కు లేకపోవడం ఈ చరిత్రలో అతి పెద్ద అన్యాయం. తెలంగాణ గ్రామాల్లో మాదిగలు వెట్టిలో భాగంగా దొరలకు చెప్పులు ఉచితంగా కుట్టి ఇవ్వాల్సి వచ్చేది. వాళ్ళే దొర ఉండే గడీ ముందు నుంచి నడిచేటప్పుడు చెప్పులు చేత పట్టుకుని పోవాలి. తెలుగు ప్రాంతాలన్నిటా అగ్రకులాల వీధుల్లో దళితులకు ఇదే కట్టడి. ఇక్కడ గడప లేదు, ఇల్లు లేదు, అలికిన నేల లేదు. ఉన్నది ఊరందరి బాట. కనుక దీన్ని ఆచారం పేరుతో సమర్థించడానికి ఏ ఆధారమూ లేదు. ఆంధ్ర మహాసభ గ్రామాల్లో సంఘాలు పెట్టిన తర్వాత, 1940లలో, దొరల ముందు చెప్పులతో నడవడం ధిక్కారమైంది. వివక్ష మాత్రం అంతటితో పోలేదు. ఎస్సీ, ఎస్టీలపై అత్యాచారాల నిరోధక చట్టాన్ని 2015లో సవరించినప్పుడు చెప్పుల దండ వేయడాన్ని నేరాల జాబితాలో ప్రత్యేకంగా చేర్చవలసి వచ్చింది.

అదే మాదిగల చేతి పని తిరుమలేశుడికి కానుక అవుతుంది. స్వామి రాత్రిపూట కొండ దిగి అలమేలుమంగ దగ్గరకు వెళ్ళి వస్తాడని, ఆ నడకకు చెప్పులు అరుగుతాయని, చర్మకారులు కొత్త జత కుట్టి సమర్పిస్తారని తరతరాల నమ్మకం. అలిపిరి పాదాల మండపంలో భక్తులు నేటికీ స్వామి లోహపు పాదుకలను తలపై పెట్టుకుని ప్రదక్షిణ చేస్తారు. కొండపైన మాడ వీధుల్లో మాత్రం ఎవరి చెప్పులకూ చోటు లేదు.

రాజుల కొలువుల్లో ఈ తగాదా మరో రూపం తీసుకుంది. హైదరాబాదులో బ్రిటిష్ రెసిడెంటు నిజాం సమక్షంలో బూట్లు విప్పి కింద కూర్చోవడం పాత పద్ధతి. 1869లో అఫ్జల్ ఉద్దౌలా చనిపోయి, మూడేళ్ళయినా నిండని మహబూబ్ అలీ ఖాన్‌ను గద్దె మీద కూర్చోబెట్టినప్పుడు రెసిడెంటు సాండర్స్ బూట్లతోనే వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. తమ దర్బారుల్లో మాత్రం ఇంగ్లీషువారు వేరే కొలత వాడారు. ఐరోపా తరహా బూట్లు, మేజోళ్ళు తొడుక్కున్న భారతీయులు వాటితో రావచ్చని 1854లో డల్హౌసీ కాలపు ఉత్తర్వు. దేశీ జోళ్ళయితే విప్పాల్సిందే.

బర్మాలో ఇదే సంగతి రాజకీయ ఉద్యమమైంది. 1875లో డగ్లస్ ఫోర్సైత్ రాయబారం తర్వాత, బూట్లు విప్పి మిన్‌డన్ రాజు ముందుకు వెళ్ళడానికి బ్రిటిష్ ప్రభుత్వం ఒప్పుకోలేదు; దాంతో రెసిడెంటుకు రాజదర్శనమే ఆగిపోయింది. పగోడాల ఆవరణలో యూరోపియన్లు బూట్లతో తిరగడంపై బౌద్ధ యువజనులు 1916 నుంచి పోరాడారు. లెడీ సయాడో అనే భిక్షువు ఆ తప్పును ఖండిస్తూ పుస్తకం రాశాడు. 1919లో ప్రభుత్వం దిగివచ్చి, ఆ నిర్ణయాన్ని పగోడాల పెద్ద భిక్షువులకే వదిలేసింది. రంగూన్ రేవులో మూటలు మోసిన వేలాది తెలుగు కూలీలు బతికిన దేశమే ఈ బర్మా.

ఇటీవలి మార్పులు

బాటా కంపెనీ 1931లో భారత్‌లో పని మొదలుపెట్టాక రబ్బరు చెప్పులు, క్యాన్వాస్ బూట్లు సామాన్యులకు అందుబాటులోకి వచ్చాయి. అపార్ట్‌మెంట్లలో అరుగు పోయి, చెప్పుల స్టాండ్ నడవాలోకి వచ్చింది. నడవా అందరిదీ కాబట్టి స్టాండు ఎక్కడ పెట్టాలన్నది సంఘం సమావేశాల్లో తెగని గొడవ. కోవిడ్ వచ్చిన 2020లో, అంతవరకు బూట్లతో ఇంట్లోకి వచ్చే కొందరు కూడా బయటే విప్పడం నేర్చుకున్నారు. అమెరికాలోని తెలుగు ఇళ్ళలో గరాజు తలుపు పక్కనో ముందు గదిలోనో చెప్పుల వరస కనిపిస్తుంది. జపాన్ ఇళ్ళలో ఇందుకోసం గెంకాన్ అనే, నేల కాస్త దిగువగా ఉండే ప్రవేశ భాగమే కడతారు.

నోరు తెరిచి అడగవలసిన అవసరం ఎక్కువగా పనివారి దగ్గర వస్తోంది. గ్యాస్ సిలిండరు మోసుకొచ్చిన మనిషిని బరువుతో ఉండగా బూట్లు విప్పమనడం ప్రమాదం. విద్యుత్ పని చేసేవారికి రబ్బరు అడుగు రక్షణ. అలాంటప్పుడు పాత గోనె పరవడమో, వారు వెళ్ళాక నేల తుడుచుకోవడమో ఇంటివారి పని.

మధుమేహంతో పాదాల స్పర్శ పోయినవారిని ఇంట్లో కూడా వట్టి కాళ్ళతో తిరగవద్దని వైద్యులు చెబుతారు. వారు వాడే ఎమ్‌సీఆర్ (మైక్రోసెల్యులర్ రబ్బరు) చెప్పుల మెత్తని రబ్బరు, వెల్లూరులో వైద్యుడు పాల్ బ్రాండ్ బృందం 1950లలో కుష్ఠు రోగుల పాదాల కోసం చేసిన కృషి నుంచి వచ్చింది. ఇలాంటి అతిథి కోసం కొన్ని ఇళ్ళలో లోపల వాడే జత ఒకటి విడిగా, కడిగి ఉంచుతున్నారు. మోకాళ్ళ నొప్పి ఉన్న పెద్దవారికి, లేసుల బూట్లు వేసుకున్నవారికి కూర్చుని విప్పుకోవడానికి గుమ్మం పక్కన ఒక స్టూలు వేస్తున్నారు.