బృహద్ధమని ఉబ్బుకు లోపలి నుంచి వైద్యం

మన వయసువాళ్ళకు పెద్ద ఆపరేషన్ అనగానే ఇంట్లోవాళ్ళు ముందు అడిగేది "తట్టుకోగలరా?" అని. ఆసుపత్రి మందుల స్టోర్సులో పనిచేసి రిటైరైన నేను ఆ మాట చాలాసార్లు విన్నాను. ఈ ప్రశ్న వల్లే సర్జన్ల పాత నియమం ఒకటి ఎలా సడలిందో మిత్రులకు చెప్పాలని ఈ వ్యాసం.

గుండె నుంచి ఛాతీ, పొట్టల మీదుగా దిగే పెద్ద రక్తనాళం బృహద్ధమని. క్రిములు చేరి దాని గోడ చెడితే బుడగలా ఉబ్బుతుంది. పగిలిందా, ప్రాణం దక్కడం కష్టం. 1885లో లండన్ ఉపన్యాసాలలో డాక్టర్ విలియం ఆస్లర్ దీనికి "మైకోటిక్" అని పేరు పెట్టారు. అంటే బూజుకు సంబంధించినది. నిజానికి దోషం ఎక్కువగా స్టెఫిలోకాకస్, సాల్మొనెల్లా వంటి బాక్టీరియాది! సర్వీసు రిజిస్టరులో తప్పు పడితే సవరణకు ఎన్నేళ్ళు పడుతుందో మనకు తెలుసు. ఈ పేరుకు సవరణ ఇప్పుడిప్పుడే జరుగుతోంది.

1951లో పారిస్‌లో డాక్టర్ చార్లెస్ దుబోస్ట్ పొట్ట కోసి, ఉబ్బిన భాగం తీసేసి, మరణించిన వ్యక్తి ధమని ముక్కను అతికించారు. తరువాత కృత్రిమ బట్ట గొట్టాలు వచ్చాయి. కానీ చీమున్న చోట పరాయి వస్తువు ఉంచరాదన్నది సర్జన్ల నియమం. చెడిన భాగమంతా తీసి శుభ్రం చేయాల్సిందే. గంటలు పట్టే ఆ ఆపరేషన్‌ను బలహీనమైన గుండె, కిడ్నీలు ఓర్చుకోవడం కష్టం.

1987లో ఖార్కివ్‌లో డాక్టర్ వోలోదోస్ ఛాతీలోని ధమనికి, 1990లో బ్యూనస్ ఎయిర్స్‌లో డాక్టర్ పరోడీ పొట్టలోని ధమనికి కొత్త దారి తొక్కారు. గజ్జల్లోని రక్తనాళం గుండా మడిచిన గొట్టాన్ని పంపి, ఉబ్బు దగ్గర విప్పారు. ఇది ఇన్ఫెక్షన్ లేని ఉబ్బులకు పుట్టిన పద్ధతి. వేరే గతి లేని రోగులకు, నియమం పక్కనపెట్టి, ఇన్ఫెక్షన్ ఉన్నచోటా వాడి చూశారు.

2016లో స్వీడన్ డాక్టర్లు పొట్టలో ఈ జబ్బు వచ్చిన 132 మంది లెక్క ప్రకటించారు. మూడు నెలల నాటికి లోపలి గొట్టం వేసినవారిలో నూటికి 96 మంది, కోసి చేసినవారిలో 74 మంది బతికి ఉన్నారు. ఏళ్ళు గడిచేకొద్దీ ఆ తేడా నిలవలేదు. చీట్లు తీసి పంచిన రోగులు కారు కాబట్టి ఈ అంకెలను నేను కాస్త జాగ్రత్తగానే చూస్తాను.

గొట్టం పగలకుండా ఆపుతుందే గాని క్రిములను చంపదు. ఆ పని యాంటీబయాటిక్‌ది. నెలల తరబడి, కొందరికి జీవితాంతం. మళ్ళీ మళ్ళీ స్కానింగులూ తప్పవు. ఇన్ఫెక్షన్ తిరగబెట్టి పోయినవారూ ఉన్నారు. అందుకే కొందరు డాక్టర్లు దీన్ని రోగి కోలుకుని పెద్ద ఆపరేషన్‌కు సిద్ధమయ్యేదాకా వాడే తాత్కాలిక ఏర్పాటుగానే చూస్తారు. ఎనభై దాటి, మంచం దిగలేని మనిషికి ఆ రెండో ఆపరేషన్ ఎలాగూ ఉండదు. ఆయనకు ఇదే చివరి వైద్యం.