కావలి లేని అత్తెసరు



అన్నము వండుటకు చరిత్ర యేమని తలంపవలదు. అత్తెసరు పెట్టునపుడు కొలత హెచ్చిన ముద్ద యగును, మంట తీయుట తడసిన మాడును. జపానువారి పాకమును ఇట్టిదే. వేకువనే లేచి పొయ్యి కడ కావలి యుండుట అచ్చటి గృహిణులకు నాడు నిత్యకర్మమై యుండెను. విద్యుత్పాత్రలు ముందే కలవు గాని, వానికిని కావలి తప్పలేదు.

తోషిబా సంస్థ యీ చిక్కును మినామి యోషితద యను చిన్న కర్మాగారపు యజమానికి అప్పగించెను. ఆయన భార్య ఫుమికో తన యింటనే మాటిమాటికి వండి, వేడిమి కొలిచి, ఏండ్ల తరబడి పరీక్షించెను. ఎసరు మరగిన పిమ్మట 20 నిమిషములు ఉడికిన మెతుకు కుదురునని తేలినది.

ఆ వేళ పాత్రకు తెలియు టెట్లు? పాత్రలో పాత్ర నుంచిరి. లోపల బియ్యము, ఎసరు. వెలుపల గిన్నెడు నీరు. వెలుపలి నీరున్నంత వఱకు వేడిమి 100 డిగ్రీలు దాటదు. అది 20 నిమిషములలో ఇగిరిపోవును. ఇగిరినంతనే వేడిమి పెరిగి, రెండు లోహము లతికిన రేకు వంగి, విద్యుత్తును త్రెంచును. ఎంత సులభము! 1955 డిసెంబరులో నిది విపణికి వచ్చినది. దీనిని యంత్రముల చరిత్రలో చేర్చుదురు. నేను ఫుమికో వంటింటి చరిత్ర యందును.

మా యింటి పాత్రకు వెలుపలి నీటితో పని లేదు, లోపలి యెసరు ఇగురుటయే గుర్తు. అయినను నా భార్య మీట పడిన చప్పుడు విని కూడ, మూత తీసి మెతుకు నొక్కి చూడనిదే వడ్డింపదు.