వాహనమును, లోహఫలకమును

పాలమూరు సీమలో నాగరుకర్నూలు బాటమీద బిజినేపల్లి యున్నది. అచ్చట బస్సుకొరకు నిలిచినవాడు దూరమునుండి మొదట వెదకునది బస్సు ముఖముననున్న బోర్డును. బండి ఏ యూరిదో, ఎచ్చటికి పోవునో దానివలననే తెలియును. కాలక్రమమున బండి తుక్కులోనికి పోవును. దాని రేకు మాత్రము ఒక్కొక్కప్పుడు మిగిలి, పాత మోటారులయందు ప్రీతిగలవారి యింటి గోడ నెక్కును. అట్టి రేకులను క్రొత్తగా చేయించి అలంకారముగా తగిలించుటయు నేడు వేడుకయైనది. ఈ వేడుక వెనుక నున్న చరిత్రను కొంచెము విచారింతము.

జ్ఞాపకమును లోహమున కప్పగించుట మన సీమకు క్రొత్త కాదు. గద్వాలలో దొరికిన చాళుక్య మొదటి విక్రమాదిత్యుని తామ్రశాసనము క్రీ. శ. 674 నాటిది. రాగిరేకులకు రంధ్రము చేసి, కడియము తొడిగి, రాజముద్ర వేయుట ఆనాటి పద్ధతి. తాటాకు చెదలపాలగును, రాగి నిలుచును. అయితే ఆ రేకులు చూపునకుగాక, దానము పొందినవాని హక్కును నిలుపుటకు చేయబడినవి.

అందముకొరకు రేకు వాహనమును చేరుట జనగామ చెంతనున్న పెంబర్తిలో చూడవచ్చును. ‘వాహన’మను మాట మనకు మోటారుకన్న ముందు దేవుని ఊరేగింపునకు సంబంధించినది. కొయ్యతో చేసిన గరుడ, హంస వాహనములకును, రథములకును ఇత్తడి రేకులు తొడుగుట పెంబర్తివారికి పరంపరగా వచ్చిన విద్య. కరగిన లక్క మిశ్రమమును పలకపై పరచి, దానిమీద రేకు నమర్చుదురు. లక్క రేకును కదలనీయదు. దెబ్బకు తాను లొంగి, రేకును చిరుగనీయదు. ఉలులతో బొమ్మను తీర్చి, వేడిచేసి రేకును విడదీసి, మెరుగు పెట్టుదురు.

మోటారు వచ్చినపిదప రేకుపని మరియొక త్రోవ పట్టెను. ఇంగ్లండులో 1905లో ఏర్పడిన ఆటోమొబైల్ అసోసియేషను సభ్యుల కార్లకు లోహపు బిళ్ళల నిచ్చెను. దారుల వెంబడి ఎనామెలు ఫలకములు నాటెను. ఇనుపరేకుపై గాజుపొడి పూసి, ఇంచుమించు 800 డిగ్రీల వేడిమిలో కాల్చగా ఆ పూత ఏర్పడును. ఎండకు వెలయదు, వానకు చెడదు. మన దేశమున 1928లో ఏర్పడిన బర్మా షెల్ వంటి కంపెనీల పేర్లు ఇట్టి ఫలకములమీదనే పెట్రోలుకొట్లయొద్ద కనబడెడివి. ఆ కంపెనీ 1976లో జాతీయము కాగా, ఆ ఫలకములును దారులనుండి తొలగినవి.

హైదరాబాదులో మోటారు రాజప్రాసాదమున కొక తీరునను, ప్రజలకు మరియొక తీరునను వచ్చెను. మహబూబ్ అలీఖాన్ కోరి చేయించిన పసుపుపచ్చని రోల్స్ రాయిస్ కారు ఇప్పటికిని చౌమహల్లా ప్రాసాదమున నున్నది. అది నగరు చేరకమునుపే, 1911లో, ఆయన మరణించెను. 1932లో నిజాము రైల్వేవారు 27 బస్సులతో ప్రజారవాణా మొదలుపెట్టిరి. ఆ బస్సుల నంబరులో ‘జడ్’ అను ఆంగ్లాక్షరము ఉస్మాన్ అలీఖాన్ తల్లి జహ్రా బేగము జ్ఞాపకార్థము వచ్చెనని పెద్దలు చెప్పుదురు. ఆర్టీసీ బస్సుల నంబరులలో ఆ యక్షరము నేటికిని సాగుచున్నది. కారును చూడవలెనన్న ప్రాసాదమునకు పోవలెను. ఆ యక్షరమో, ప్రతి పల్లెకును ప్రయాణము చేసినది.

ఇప్పుడు అంగళ్ళలో దొరకు ఫలకములలో పెక్కు పలుచని తగరపురేకుపై అచ్చువేసినవి. కొందరు వానికి కావలెనని తుప్పు పట్టించి, పాతవని చెప్పి అమ్ముదురు. నిజమైన ఎనామెలు ఫలకమున రంగు పొరలు వ్రేలికి తగులును. మేకుల రంధ్రములచుట్టు పూత రాలి, అచ్చటనే తుప్పు పుట్టును. క్రొత్తది చేయించుట దోషము కాదు. క్రొత్తదానిని పాతదని చెప్పుటయే దోషము. ఆ మోసమువలన నిజముగా దారిప్రక్క నిలిచి ఎండవానల కోర్చిన రేకునకు విలువ తగ్గును. చేతితో రేకు కొట్టువాని కూలియు తగ్గును.

కావున పాత మోటారులను ప్రేమించువా రొక చిన్న నియమము పెట్టుకొనవచ్చును. పాత ఫలకమును తూకమున కమ్మకముందు అది ఏ బండిదో, ఏ దారిదో వ్రాసి యుంచవలెను. క్రొత్తది కావలెనన్న పెంబర్తి పనివానిచేత కొట్టించి, వెనుకవైపున చేసినవాని పేరును, సంవత్సరమును చెక్కించవలెను. గద్వాల రాగిరేకులు తమ కాలమును తామే చెప్పుచున్నవి. మన గోడమీది రేకును అంతపని చేసిన చాలును.