సంచారగృహమునకు ఊపిరి



వంటయిల్లు కట్టువారు గాలి వచ్చుటకు కిటికీని, పొగ పోవుటకు పొగగూటిని వేరువేరుగా నుంచుట మీరెరుగుదురు. పోవలసిన పొగ కిటికీనుండి మరల లోనికి వచ్చినచో కిటికీ యుండియు ప్రయోజనము లేదు. ఈ చిన్న న్యాయముపైననే ఆధారపడి బ్రతికిన యొక మోటారుబండి చరిత్రమును నేడు మనవి చేయుదును.

ఆ బండి జర్మనీ దేశమున వోక్స్‌వాగన్ సంస్థవారు నిర్మించినది. హాలండు దేశపు వర్తకుడగు బెన్ పాన్ 1947 వ సంవత్సరము ఏప్రిలు 23 వ తేదీన పెట్టెవంటి యొక బండి బొమ్మను గీసెను. అందు నడపువాడు ముందును, యంత్రము వెనుకను, నడుమ సరకును ఉండును. 1950 మార్చి 8 వ తేదీన వుల్ఫ్స్‌బర్గు నగరమున ఆ బండ్ల నిర్మాణము ప్రారంభమయ్యెను. మరుసటి యేట వెస్ట్‌ఫాలియా యను కర్మాగారమువారు దానిలో నిద్రించుటకును, సామానులు దాచుకొనుటకును ఏర్పాట్లు చేసి, దానిని సంచారగృహముగా మార్చిరి. కుటుంబసమేతముగా పోయి, చీకటి పడినచోట బండిలోనే నిద్రించు వాడుక దీనివలన ఎంతయో వ్యాపించినది.

దాని యంత్రము 1131 ఘన సెంటీమీటర్ల పరిమాణము, 25 అశ్వముల బలము గలది. దానిని చల్లబరచుటకు నీరు లేదు. కావున చలికి గడ్డకట్టునను భయమును, ఎండకు మరిగి పొంగునను భయమును లేవు. కాని భారమంతయు గాలిపై పడినది. యంత్రము ముందున్న బండికి ఎదురుగాలి సహాయము చేయును. ఈ బండిలో యంత్రము వెనుక మూతబడిన గదిలో నున్నది. ఎదురుగాలిని బండి యొడలే అడ్డగించును.

దీనికి నిర్మాతలు చేసిన ఉపాయము వినదగినది. వెనుక భాగమున ఇరుప్రక్కల గాలి చొచ్చుటకు జాలరవంటి చీలికలు పెట్టిరి. విద్యుత్తు పుట్టించు డైనమో యిరుసునకే ఒక పంకాను బిగించి, పట్టాతో త్రిప్పిరి. ఆ పంకా గదిలోని చల్లగాలిని పీల్చి, నాలుగు సిలిండర్ల చుట్టునున్న రెక్కలమీదుగా బలముగా తోయును. వేడెక్కిన గాలి క్రిందుగా నేలవైపు వెడలిపోవును. యంత్రము చుట్టును రేకులు పరచి, వాని అంచునకును బండి యొడలికిని నడుమ రబ్బరు పట్టీ నమర్చిరి. దానిచే పైభాగము చల్లని గదియు, క్రిందిభాగము వేడి గదియు నైనవి. మన శరీరమున ప్రాణాపానములకు వేర్వేరు మార్గము లున్నట్లే యనుకొనుడు.

నేను పాఠశాలలో బాలురకు పాఠము చెప్పునపుడు, గాలి యెచ్చటనుండి వచ్చునని యడిగిన వెంటనే, ఎచ్చటికి పోవునని కూడ అడిగెడివాడను. ఈ బండి చరిత్రమంతయు ఆ రెండు ప్రశ్నలకు సమాధానమే. 1955 మార్చిలో యంత్రపు గదిని, దాని పెద్ద తలుపును చిన్నవి చేసిరి. 1967 ఆగస్టులో వచ్చిన రెండవ తరపు బండిలో గాలిద్వారములు చంద్రవంక యాకారమున వెనుక కిటికీల ప్రక్కకు, మరింత ఎత్తునకు చేరెను. 1972 నమూనాలో 1700 ఘన సెంటీమీటర్ల పెద్ద యంత్రము రాగా, వానిని విశాలపరచిరి. అంతకు ముందు సంవత్సరపు నమూనాలో, మూడవ సిలిండరునకు పోవు గాలిని వేడిచేయుచుండిన నూనె శీతలకారిని ప్రక్కకు తొలగించిరి.

ఈ పాత బండ్లను నేటికిని ప్రీతితో నడపువారు గలరు. రబ్బరు పట్టీ ఎండి రాలిపోయినను, రేకు ఊడినను, పైకి చూచువారికి లోపము కనబడదు. కాని క్రిందికి విడిచిన వేడిగాలి ఆ సందునుండి పైకెక్కగా, పంకా దానినే మరల పీల్చును. వేసవిలో కొందరు వెనుక తలుపును కొంచెము తెరచి కట్టుదురు. మేలని తలచి చేసిన యా పనివలన ఎంగిలిగాలి లోనికి చొచ్చును. పెట్రోలు తొట్టియు ఆ చెంతనే యున్నది. పెట్రోలు గొట్టము బీటవారినచో మంట పుట్టవచ్చును. పెక్కు బండ్లలో యంత్రపు కవచము మెగ్నీషియము కలిసిన లోహమగుటచే, అది అంటుకొనినచో ఆర్పుట కష్టము.

మరియొక్క మాట. తరువాతి కాలపు బండ్లలో చలికాలమున గదిని వెచ్చజేయుటకు, అదే పంకాగాలిని పొగగొట్టముల చుట్టును త్రిప్పి లోనికి పంపిరి. ఆ గొట్టము తుప్పుపట్టి చిల్లిపడినచో, వాసనలేని విషవాయువు గూడ దానితో చేరును. లోపల పిల్లలు ప్రయాణించు బండి యని మరువరాదు.

జర్మనీలో 1982 వ సంవత్సరమున ఈ వంశమునకు నీటితో చల్లబడు పెట్రోలు యంత్రము వచ్చెను. బ్రెజిల్ దేశమున మాత్రము గాలియంత్రపు బండ్లు 2005 డిసెంబరు వరకు తయారైనవి. అచ్చటి తయారీయంతయు 2013 డిసెంబరున నిలిచిపోయెను.

గాలి నాడుటకు రంధ్రము చేయుట సులభము. వచ్చు దారిని, పోవు దారిని కలియనీయక కాపాడుటయే నేర్పు. ఇంటికైనను, ధాన్యపు గాదెకైనను, యంత్రమునకైనను ఈ నియమ మొక్కటియే.