యంత్రాన్ని పదిమంది చేతికిచ్చిన ప్రోగ్రాములు

1948 జూన్ 21న ఇంగ్లండులోని మాంచెస్టర్ విశ్వవిద్యాలయంలో ఒక యంత్రం 52 నిమిషాలు ఏకధాటిగా పనిచేసి ఒక సంఖ్యను చూపించింది: 1,31,072. 2,62,144ను శేషం లేకుండా భాగించే సంఖ్యల్లో, ఆ సంఖ్యను మినహాయిస్తే అన్నిటికంటే పెద్దది ఏది అన్నది ప్రశ్న. అందులో సగమే జవాబని బడిపిల్లలు కూడా చెప్తారు. ఆ ప్రోగ్రాము రాసిన టామ్ కిల్బర్న్ పరీక్షించదలచింది యంత్రాన్ని. దానికి తీసివేత తప్ప కూడిక కూడా రాదు. అందుకని భాగహారాన్ని తీసివేతలతోనే నడిపిస్తూ, పైనుంచి ఒక్కొక్క సంఖ్యనే తగ్గించుకుంటూ వచ్చేలా 17 ఆదేశాలు రాశాడు. ఎలక్ట్రానిక్ మెమరీలో నిలవచేసిన ప్రోగ్రాము నడవడం లోకంలో అదే మొదలు. అంతకు నూరేళ్లకు పైగా ముందే, 1843లో, బాబేజ్ ఊహించిన యంత్రం కోసం ఏడా లవ్‌లేస్ బెర్నూలీ సంఖ్యలు లెక్కకట్టే పద్ధతి రాసి ప్రచురించింది. ఆ యంత్రం తయారు కాలేదు కనుక ఆమె రాత కాగితం మీదే ఉండిపోయింది.

కిల్బర్న్ నాటి నుంచి పుట్టిన ప్రోగ్రాములకు లెక్కలేదు. వాటిలో మేలైనవి ఏవి అంటే కొందరు వేగం చూస్తారు, కొందరు అమ్మకాలు చూస్తారు, కొందరు అల్లికలోని నేర్పు చూస్తారు. నేను చూసేది ఒకటే. ఆ ప్రోగ్రాము రాకముందు కంప్యూటరు చేత పని చేయించుకోగలిగినవాళ్లు ఎందరు, వచ్చాక ఎందరు? ఆ తేడాను బట్టే ఈ సింహావలోకనం.

యంత్రానికి మన మాట నేర్పినవి

తొలినాళ్లలో ప్రోగ్రాము రాయడమంటే యంత్రానికి అర్థమయ్యే అంకెల్లో ఆదేశాలు పేర్చడమే. ఏ సంఖ్య మెమరీలో ఏ గదిలో ఉందో మనిషే గుర్తుపెట్టుకోవాలి. ఆ పనిని యంత్రానికే అప్పగించవచ్చని నమ్మినవాళ్లలో గ్రేస్ హాపర్ ముందువరస మనిషి. యూనివాక్ మీద 1952 నాటికి ఆమె తయారుచేసిన ఎ-0 ఈనాటి కంపైలర్లకు పూర్వరూపం.

అసలు మలుపు 1957లో వచ్చిన ఫోర్ట్రాన్. ఐబిఎంలో జాన్ బాకస్ బృందం దాదాపు మూడేళ్లు దానిమీదే కూర్చుంది. సూత్రాన్ని ఇంచుమించు సూత్రంలాగే రాస్తే, దాన్ని యంత్రభాషలోకి మార్చే బాధ్యత కంపైలర్‌ది. అనుభవజ్ఞులు నమ్మలేదు. చెయ్యి తిరిగినవాడు రాసిన కోడుతో యంత్రం పుట్టించిన కోడు పోటీ పడలేదన్నారు. బాకస్ బృందం ఆ సందేహానికే గురిపెట్టింది. వేగం తగ్గితే ఎవరూ వాడరని తెలుసు గనుక, పుట్టే కోడును సానపట్టడం మీదే శ్రమంతా పెట్టింది. ఫలితంగా భౌతికశాస్త్రవేత్తలు, ఇంజనీర్లు మధ్యవర్తి లేకుండా కంప్యూటరు ముందు కూర్చోగలిగారు. వాతావరణాన్ని అంచనా కట్టే పెద్ద ప్రోగ్రాముల్లో చాలావాటిలో నేటికీ ఫోర్ట్రాన్ ఉంది.

అదే దారిలో 1960లో వ్యాపార లెక్కల కోసం కోబాల్ వచ్చింది. బ్యాంకులు, బీమా సంస్థలు, ప్రభుత్వ శాఖలు దాన్ని తలకెత్తుకున్నాయి. మెమరీ ఖరీదైన ఆ రోజుల్లో సంవత్సరాన్ని రెండంకెల్లో రాసి పొదుపు చేశారు. 2000 దగ్గరపడేసరికి ఆ పొదుపు పెనుభారమైంది. ఆ పాత కోడును సరిదిద్దే పనే మన అమీర్‌పేట గదుల్లో కోబాల్ నేర్చిన ఎందరో కుర్రవాళ్లను అమెరికా విమానం ఎక్కించింది. తెలుగునాట ఎన్నో మధ్యతరగతి ఇళ్ల గతి మార్చిన ప్రోగ్రాము ఏదంటే కోబాల్ పేరు చెప్పక తప్పదు.

చంద్రుడి మీద ఒక పరీక్ష

అపోలో నౌకల కంప్యూటరు కథ వేరు. చెరపడానికి వీల్లేని మెమరీలో 36,864 పదాలు, మార్చుకోదగిన మెమరీలో 2,048 పదాలు, అంతే జాగా. ఎంఐటీలో మార్గరెట్ హామిల్టన్ వంటివారు రాసిన ప్రోగ్రామును రాగితీగల రూపంలో అయస్కాంతపు కడియాల గుండా అల్లేవారు. తీగ కడియంలోంచి పోతే ఒకటి, పక్కనుంచి పోతే సున్న. మసాచుసెట్స్‌లోని ఒక కర్మాగారంలో ఆడవాళ్లు చేత్తో అల్లిన ఆ తీగల్లోనే చంద్రయానం ఉంది.

1969 జులై 20న నౌక చంద్రుడి మీదికి దిగుతుండగా 1202 అనే హెచ్చరిక మోగింది. ఆ క్షణాన అక్కర్లేని ఒక రాడార్ పంపుతున్న సంకేతాలు కంప్యూటరు సమయాన్ని మింగేస్తున్నాయి. అలాంటి పరిస్థితి వస్తే ఏం చేయాలో ప్రోగ్రాము రాసినవాళ్లు ముందే ఆలోచించి పెట్టారు. ప్రాధాన్యం తక్కువ ఉన్న పనుల్ని వదిలేసి, నౌకను దింపే పనిని మాత్రం ఆపకుండా కంప్యూటరు తనను తాను మళ్లీ మొదలుపెట్టుకుంది. నౌక క్షేమంగా దిగింది. అన్నీ సవ్యంగా ఉన్నప్పుడు నడవడం ఏ ప్రోగ్రాముకైనా చేతనవును. భారం మీదపడ్డప్పుడు ఏది వదలాలో, ఏది పట్టుకోవాలో తెలిసిన ప్రోగ్రాముకు మనుషుల ప్రాణాలు అప్పగించవచ్చు. ఈ పాఠం తర్వాత విమానాలకూ ఆస్పత్రి పరికరాలకూ ఎక్కింది.

యూనిక్స్ వంశం

సరిగ్గా ఆ వేసవిలోనే, న్యూజెర్సీలోని బెల్ ల్యాబ్స్‌లో పనిచేస్తున్న కెన్ థాంప్సన్ భార్య బిడ్డను తీసుకుని మూడు వారాలకు కాలిఫోర్నియా వెళ్లింది. ఇంట్లో ఒంటరిగా దొరికిన ఆ మూడు వారాల్లో, అప్పటికే పాతబడ్డ పిడిపి-7 యంత్రం మీద అతను ఒక ఆపరేటింగ్ సిస్టం లేపాడు. అదే యూనిక్స్. మల్టిక్స్ అనే భారీ ప్రాజెక్టు నుంచి బెల్ ల్యాబ్స్ అప్పుడే తప్పుకుంది. అందులో నేర్చిన మంచిని ఉంచుకుని బరువును వదిలేశారు.

1973లో డెనిస్ రిచీ రూపొందించిన సి భాషలోకి యూనిక్స్‌ను తిరగరాయడంతో అది ఒక యంత్రానికి కట్టుబడి ఉండాల్సిన అవసరం పోయింది. డగ్ మెక్ఇల్‌రాయ్ పట్టుబట్టి పెట్టించిన 'పైపు' ఆ ఏడాదే వచ్చింది. ఒక ప్రోగ్రాము వెలువరించినది నేరుగా మరోదాని నోటికి అందుతుంది. ఒక ఫైలులోంచి ఒక పేరున్న వరుసలు ఏరేది ఒకటి, వాటిని అకారాదిగా పేర్చేది మరొకటి, లెక్కపెట్టేది ఇంకొకటి. మూడింటినీ గొలుసు కడితే ఎవరూ రాయని నాలుగో ప్రోగ్రాము తయారవుతుంది. కొత్త పనిముట్టు కావాలంటే ప్రతిసారీ మొదటినుంచి రాసే బాధ తప్పింది.

హెల్సింకిలో చదువుకుంటున్న లినస్ టోర్వాల్డ్స్ 1991లో లినక్స్ అనే యూనిక్స్ తరహా కెర్నల్ ఒకటి రాసి అందరి ముందూ పెట్టాడు. రిచర్డ్ స్టాల్‌మన్ 1983లో ప్రకటించిన గ్నూ ఉద్యమం అప్పటికే కంపైలరునూ, స్వేచ్ఛకు చట్టబద్ధమైన లైసెన్సునూ సిద్ధం చేసి ఉంచింది. రెండూ కలిసి లోకమంతా పాకాయి. ఈనాడు మీ చేతిలోని ఆండ్రాయిడ్ ఫోను అడుగున లినక్స్ ఉంది. ఐఫోనైతే దాని మూలాలు యూనిక్స్‌లోనే. ప్రపంచంలోని తొలి 500 సూపర్ కంప్యూటర్ల పట్టిక మొత్తం 2017 నుంచి లినక్స్‌దే.

బల్ల మీదికి వచ్చిన కంప్యూటరు

1970ల చివర్లో చిన్న కంప్యూటర్లు అంగళ్లలో దొరికేవి. కొన్నవాళ్లలో ఎక్కువమంది సరదాపరులు. ఒక వ్యాపారి వాటితో ఏం చేసుకుంటాడు? 1979లో వచ్చిన విసికాల్క్ ఆ ప్రశ్నకు జవాబు. హార్వర్డ్ బిజినెస్ స్కూల్లో డాన్ బ్రిక్లిన్ ఒక ఇబ్బంది గమనించాడు. నల్లబల్ల మీద గడుల్లో రాసిన ఆర్థిక లెక్కలో ఒక్క అంకె మారితే దానిమీద ఆధారపడ్డవన్నీ చెరిపి మళ్లీ రాయాలి. బ్రిక్లిన్ రూపం ఇచ్చాడు, బాబ్ ఫ్రాంక్‌స్టన్ కోడు రాశాడు. వడ్డీ గడిలో 10 తీసి 12 పెట్టగానే కింద అరవై గడులూ కళ్లముందే సర్దుకున్నాయి. వంద డాలర్ల ఈ ప్రోగ్రాము కోసం జనం వేల డాలర్లు పెట్టి ఆపిల్ 2 కొన్నారు. లోటస్, ఎక్సెల్ దాని వారసులే. గుమాస్తా, రైతుసంఘం కార్యదర్శి, చీటీపాట నడిపేవాళ్లు తాము ప్రోగ్రాము రాస్తున్నామని తెలియకుండానే రాస్తున్నది ఆ గడుల్లోనే.

అదే కాలంలో డొనాల్డ్ కనూత్ టెక్ మొదలుపెట్టాడు. 1977లో తన పుస్తకం రెండో కూర్పు ప్రూఫులు చూసి, అచ్చు అందం నచ్చక, అక్షరాలు కూర్చే ప్రోగ్రాము తానే రాయడానికి పూనుకున్నాడు. ఏడాదిలో అయిపోతుందనుకున్నది పదేళ్లు పట్టింది. గణితం అచ్చయ్యే తీరే మారిపోయింది. తప్పు పట్టినవారికి ఆయన చెక్కులు రాసి పంపాడు. టెక్ కూర్పు సంఖ్య ప్రతి సవరణతోనూ గణితంలోని పై (π) విలువకు ఇంకో అంకె దగ్గరవుతుంది. ఒక ప్రోగ్రామును ఇక మార్చనక్కర్లేనంత పరిపూర్ణంగా చేయవచ్చని నిరూపించడానికి నిలబడ్డ మనిషి ఆయన.

తలుపు తీసి ఉంచినందుకే

జెనీవా దగ్గరి సెర్న్‌లో టిమ్ బర్నర్స్-లీ 1990 చివరికల్లా తొలి వెబ్ బ్రౌజరు, తొలి సర్వరు రాశాడు. 1991లో మిన్నెసోటా విశ్వవిద్యాలయం నుంచి వచ్చిన గోఫర్ అనే పోటీ వ్యవస్థ మొదట్లో వెబ్ కంటే ముందంజలో ఉంది. 1993 తొలినాళ్లలో గోఫర్ సర్వర్లకు కొందరి దగ్గర రుసుము తీసుకుంటామని ఆ విశ్వవిద్యాలయం ప్రకటించింది. ఏప్రిల్ 30న సెర్న్ తన వెబ్‌ను ఏ హక్కూ పెట్టుకోకుండా లోకానికి వదిలేసింది. అదే ఏడు ఇల్లినాయ్ నుంచి బొమ్మల్నీ అక్షరాల్నీ ఒకే పుటలో చూపే మొజాయిక్ బ్రౌజరు వచ్చింది. గోఫర్ మరుగునపడింది, వెబ్ మిగిలింది.

ఈ వరసలోదే ఎస్‌క్యూలైట్. 2000లో రిచర్డ్ హిప్ రాసిన ఈ చిన్న డేటాబేసు మీద ఎవరికీ హక్కుల్లేవు. దాని పేరు వినని కోట్లమంది దాన్ని రోజూ వాడతారు. మీ ఆండ్రాయిడ్ ఫోనులో వాట్సాప్ సందేశాలు దాగేది అందులోనే.

మన గొంతు, మన లిపి

చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టిన రాజ్ రెడ్డి కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో తన శిష్యులతో కలిసి 1970లలో హియర్సే, హార్పీ వంటి ప్రోగ్రాములు తయారుచేయించారు. ఆపి ఆపి కాకుండా ధారాళంగా మాట్లాడే మాటను యంత్రం పోల్చుకోవడానికి అవి తొలి మెట్లు. 1976 నాటి హార్పీకి తెలిసిన మాటలు వెయ్యి పైచిలుకు. ఈనాడు ఫోనుతో మాట్లాడి పని చెప్పే ప్రతివారూ ఆ పరిశోధనకు రుణపడ్డవారే. 1994లో ఆయనకు ట్యూరింగ్ పురస్కారం వచ్చింది.

లిపి సంగతి ఇంకా కష్టం. 'శ్రీ' మన కంటికి ఒక్క అక్షరం. కంప్యూటరు దాచుకునేది నాలుగు సంకేతాలు: శ, పొల్లు, ర, గుడిదీర్ఘం. వాటిని కలిపి ఒక రూపం గీయడం తెరవెనుక ప్రోగ్రాము పని. 1991లో యూనికోడ్ తొలి కూర్పులోనే తెలుగుకు చోటు దొరికినా, మన పత్రికలు ఏళ్లపాటు పేజ్‌మేకర్, అను ఫాంట్లతోనే నడిచాయి. అచ్చు అందంగా వచ్చింది, వెతకడానికి మాత్రం ఒక్క ముక్క దొరకదు. అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయంలో చదువుకున్న తెలుగువాళ్లు ఇంగ్లీషు కీబోర్డుతో తెలుగు రాసే పద్ధతి కల్పించారు. వీవెన్ 'లేఖిని' ఆ రాతను యూనికోడ్‌లోకి తెచ్చింది. వెన్న నాగార్జున రాసిన 'పద్మ' పాత ఫాంట్ల రాతను యూనికోడ్‌గా మార్చింది. వీటి వెనక జీతాలు లేవు, భాషాభిమానమే ఉంది. తెలుగువాళ్లకు సంబంధించినంతవరకు నేను వీటిని యూనిక్స్ పక్కనే కూర్చోబెడతాను. 2018 ఫిబ్రవరిలో ఒక తీరుగా కూర్చిన 'జ్ఞా' ఉన్న సందేశం వస్తే ఐఫోన్లలో యాప్‌లు కుప్పకూలాయి. ఆపిల్ కొద్దిరోజుల్లోనే సవరించింది. మన లిపిని యంత్రానికి నేర్పే పని ఎంత సున్నితమో ఆ ఒక్క అక్షరం చెప్తుంది.

ఇప్పటి తరానికి

2012లో బొమ్మల్ని గుర్తుపట్టే పోటీలో అలెక్స్‌నెట్ గెలిచాక ప్రోగ్రాము స్వభావమే మారింది. ఆదేశాలు రాయడానికి బదులు ఉదాహరణలిచ్చి నేర్పించడం ముందుకొచ్చింది. 2017 నాటి ట్రాన్స్‌ఫార్మర్ నిర్మాణం మీదే ఈనాటి భాషా నమూనాలు నిలిచాయి. ప్రోటీన్ల ఆకృతిని ఊహించిన ఆల్ఫాఫోల్డ్ దాని సృష్టికర్తలు ఇద్దరికి 2024 రసాయనశాస్త్ర నోబెల్ తెచ్చింది. ఇవి గొప్పవే. మామూలు మాటల్లో అడిగి పని చేయించుకోగలవారి సంఖ్య ఇంతకుముందెన్నడూ ఇంత పెరగలేదు. కానీ వీటిని తయారుచేయగలవారు బహుకొద్దిమంది, లోపల ఏం జరుగుతోందో చదివి తెలుసుకోవడం దాదాపు అసాధ్యం. చరిత్రలో నిలిచే తీర్పు ఈ రెండో సంగతి మీదే ఆధారపడుతుంది.

ఒక్కటే ఎంచుకోమంటే నేను యూనిక్స్‌ను ఎంచుతాను. అది గొప్పగా పనిచేసినందుకు మాత్రమే అనను, చదవడానికి దొరికినందుకు కూడా. 1976లో ఆస్ట్రేలియాలో జాన్ లయన్స్ అనే అధ్యాపకుడు యూనిక్స్ ఆరో కూర్పు కెర్నల్‌కు వ్యాఖ్యానం రాశాడు. పదివేల వరుసల లోపు కోడు అది. అచ్చు వేయడానికి చట్టం ఒప్పుకోకపోతే విద్యార్థులు జిరాక్సులు తీయించుకుని ఇరవై ఏళ్లు చదివారు. ఆ జిరాక్సులు చదివిన తరమే తర్వాత మంచి వ్యవస్థలు కట్టింది.

మనవాళ్లు కావ్యాన్ని వ్యాఖ్యానంతో చదివి పెరిగినవాళ్లు. అయినా మన ఇంజనీరింగ్ కళాశాలల్లో నాలుగేళ్లు చదివి ఒక్క మంచి ప్రోగ్రామునైనా మొదటినుంచి చివరిదాకా చదవకుండా బయటికి వచ్చేవాళ్లే ఎక్కువ. యూనిక్స్ ఆరో కూర్పు, అపోలో కోడు, టెక్, ఎస్‌క్యూలైట్ అన్నీ ఈనాడు ఉచితంగా దొరుకుతాయి. అధ్యాపకులకు నా మనవి: ఏడాదికి ఒక్కటి, వరుస వరుసా, తెలుగులో వివరిస్తూ తరగతిలో చదివించండి.