హుజూర్‌నగర్: వరి సాగు, ఆహార భద్రత

హుజూర్‌నగర్ తెలంగాణలోని సూర్యాపేట జిల్లా పట్టణం. 2016 అక్టోబరు వరకు నల్లగొండ జిల్లాలో ఉండేది. నాగార్జునసాగర్ ఎడమ కాల్వ కింద వరి విస్తారంగా పండే ప్రాంతం ఇది. రేషన్ దుకాణాల్లో సన్న బియ్యం పంపిణీని ముఖ్యమంత్రి ఎ. రేవంత్ రెడ్డి 2025 మార్చి 30న, ఉగాది నాడు, ఇక్కడే ప్రారంభించారు.

కాల్వ రాకముందు ఈ మెట్టల్లో జొన్న, సజ్జ, ఆముదం, వేరుశనగ పండేవి. వరి చెరువుల కిందే. సాగర్‌కు నెహ్రూ 1955 డిసెంబరు 10న శంకుస్థాపన చేయగా, ఇందిరాగాంధీ 1967 ఆగస్టు 4న కాల్వలకు నీళ్లు వదిలారు. దేశం అమెరికా గోధుమలను ఓడల్లో తెప్పించుకుంటున్న రోజులవి. భారత ఆహార సంస్థ పుట్టి అప్పటికి రెండేళ్లే.

గింజలు పండినంత మాత్రాన తిండి కుదిరినట్టు కాదని ఈ ప్రాంత అనుభవమే చెబుతుంది. ఎన్.టి. రామారావు 1983లో తెచ్చిన కిలో రెండు రూపాయల బియ్యం నుంచి 2013 ఆహార భద్రతా చట్టం దాకా పేదల ఇంటికి బియ్యం చేరాయి. కానీ అవి ఎక్కువగా దొడ్డు బియ్యం. సన్నాలు తినే అలవాటున్న ఇళ్లలో చాలామంది వాటిని వండుకోక తక్కువ ధరకు అమ్ముకునేవారు. రైతు పండించే బియ్యమే కూలి కంచంలోకి రావడం న్యాయం. ఆ పని ఆలస్యంగానైనా మొదలైంది. మనిషికి నెలకు 6 కిలోల లెక్కన ఇస్తున్నారు.

అందుకు సన్నాలు ముందు కల్లంలోకి రావాలి. సాంబ మసూరి (బి.పి.టి. 5204) వంటి రకం చేతికొచ్చేసరికి దాదాపు 5 నెలలు పడుతుంది, తెగుళ్ల బెడద ఎక్కువ. కనుకనే 2024 వానాకాలం నుంచి ప్రభుత్వం మద్దతు ధరపై క్వింటాలుకు 500 రూపాయల బోనస్ ప్రకటించింది. కొనుగోలు కేంద్రంలో వడ్ల తేమ 17 శాతం మించరాదు. కాంటా అయిన వడ్లు మిల్లుకు వెళ్తాయి. మిల్లరు క్వింటాలుకు 67 కిలోల పచ్చి బియ్యం అప్పగించాలి. యాసంగి వడ్లు ఎండకు మరలో నూకవుతాయి కాబట్టి ఉప్పుడు బియ్యంగా మార్చేవారు. అలాంటి బియ్యం ఇకపై వద్దని 2021లో కేంద్రం చెప్పడంతో రాష్ట్రంతో పెద్ద వివాదమే నడిచింది.

ఈ ఆహార భద్రత అంతా కృష్ణా నది వరదను నమ్ముకుని ఉంది. సాగర్ నిండకపోతే ఎడమ కాల్వ చివరి భూములే ముందు ఎండుతాయి.

స్వయం సమృద్ధి బియ్యం దగ్గరే ఆగిపోవడం మరో లోటు. ఒకప్పుడు ఈ మెట్టల్లో నూనెగింజలుండేవి. నేడు దేశం వాడే వంటనూనెలో సగానికి పైగా దిగుమతే, అందులో పెద్ద వాటా ఇండోనేషియా, మలేషియాల పామాయిల్‌ది.